మాచిపత్రియా, వయ్యారిభామయా?

వినాయకచవితి పూజకు చెప్పిన 21 పత్రములలో మొదటిది మాచిపత్రి. పండుగనాటి ఉదయమున పిల్లలు దానికై బయలుదేరి, బాటప్రక్కన చీలికల ఆకులతో పచ్చగా నున్న మొక్కను కోసికొని వత్తురు. ఒక్కొక్కప్పుడది మాచిపత్రి కాదు, వయ్యారిభామ. కోసిన చేతులకు దురదయు, దద్దురును పుట్టవచ్చును. కావున ఈ రెంటిని వేరుపరచు విధమును శ్రోతలకు మనవి చేయుచున్నాము.

రెండును చామంతి కుటుంబములోనివే. రెంటి ఆకులును లోతుగా చీలియుండుటచే పొరపాటు కలుగుచున్నది. కాంగ్రెసు గడ్డి అనియు పేరుగల వయ్యారిభామ అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములది. పూనాలో ఇది కనబడినట్లు 1956లో ప్రకటితమైనది. పిమ్మట దేశమంతటను వ్యాపించినది.

మొదట ఆకును చూడవలెను. మాచిపత్రి ఆకు పైన పచ్చగను, అడుగున దూదిపొర అంటినట్లు తెల్లని నూగుతోను ఉండును. వయ్యారిభామ ఆకు ఇరువైపులను పచ్చనిదే. లేతదశలో దాని ఆకులు నేలపై గుండ్రముగా పరచుకొనియుండును; కాండము ఆ పిదప లేచును.

కాండమును మాత్రమే చూచి నిర్ణయింపరాదు. నిలువు గాడులు రెంటికిని కలవు.

ఇక పూవు. ఈ కుటుంబమున మనము ఒక పూవనుకొనునది నిజమునకు పెక్కు చిరుపూవుల కూటమి. వయ్యారిభామ కూటమి మిరియపుగింజంత యుండి, తెల్లనై, అంచున ఐదు చిన్న రేకులతో ఐదు మూలలుగా కనబడును. మాచిపత్రి పూలకు అట్టి అంచురేకులుండవు.

ఆకును నలిపి వాసన చూడుమని పెద్దలందురు. మాచిపత్రికి ఘాటైన పరిమళము కలదన్నమాట నిజమే. కాని సందేహము తీరకముందు నలుపరాదు. వయ్యారిభామలోని పార్థెనిన్ అను పదార్థము చర్మమునకు హాని చేయును. దాని పుప్పొడి కొందరికి తుమ్ములను, ఉబ్బసమును కలిగించును. కనుక ముందు కన్ను, తరువాతనే చేయి.

వయ్యారిభామ ఒక్కొక్క కూటమిలో ఐదు గింజలే యుండును. అయినను ఒక్క మొక్క 15,000కు మించి గింజలు రాల్చగలదు. కావున వానకు నేల మెత్తబడినపుడు, చేతులకు తొడుగులు ధరించి, పూయకముందే వేళ్లతో పెరికివేయవలెను. ఆ పని పిల్లలకు అప్పగింపరాదు.

పెరటిలో ఒక మాచిపత్రి పిలకను నాటుకొన్నచో, మరుసటి చవితికి పిల్లలు బాటప్రక్కన వెదకవలసిన పనియే యుండదు.