ఆ 5 టెస్టుల కీపర్

1971 వెస్టిండీస్ టూర్ అనగానే గవాస్కర్ 774 పరుగులే గుర్తొస్తాయి. మరి వికెట్ల వెనక నిలబడిందెవరు? మన హైదరాబాదీ పోచయ్య కృష్ణమూర్తి! ఫరూక్ ఇంజనీర్ ఆ టూర్‌కు వెళ్లకపోవడంతో 5 టెస్టులూ ఇతనికే దక్కాయి. బేడీ, ప్రసన్న, వెంకట్రాఘవన్‌ల స్పిన్‌కు కీపింగంటే మాటలా? 7 క్యాచ్‌లు, 1 స్టంపింగ్. దెబ్బకొట్టింది బ్యాటింగే... మొత్తం 33 పరుగులు. అయితేనేం, సిరీస్ 1-0తో మనదే. కరీబియన్ గడ్డపై అదే తొలి గెలుపు.

అదే ఏడు ఇంగ్లండ్‌ వెళ్లిన జట్టులోనూ కృష్ణమూర్తి ఉన్నాడు. కానీ టెస్టులకు ఇంజనీర్ తిరిగొచ్చాడు. ఆ తర్వాత కిర్మాణీ పాతుకుపోయాడు. గెలిచిన సిరీస్‌లో ప్రతి టెస్టూ ఆడినవాడికి మళ్లీ ఒక్క టెస్టూ రాలేదు! 1976లో న్యూజిలాండ్‌లో ఒకే ఒక్క వన్డే... అంతే. 1999 జనవరిలో కన్నుమూశాడు. అప్పటికి వయసు 51.