ఇంటి గుట్టు కన్నా బిడ్డ క్షేమం ముఖ్యం

"మంచం మీద నుండి పడిందండీ" అని తీసుకొచ్చిన బిడ్డ ఒంటిపై మాకు ఒక్కోసారి బెల్టు వాతలు కనిపిస్తాయి.

తాగుడు, అప్పులు, దంపతుల గొడవలు, ఆదుకునే పెద్దదిక్కు లేకపోవడం - ఇవి ఉన్నచోట పిల్లలకు ప్రమాదం ఎక్కువ. కలిగిన ఇళ్లలోనూ ఇది జరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో జరిపి 2007లో కేంద్ర ప్రభుత్వం ప్రచురించిన అధ్యయనంలో, ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు దెబ్బలు తిన్నవారే. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లల్లో అత్యధికులను కొట్టింది కన్నవారే.

కోపం వస్తే పక్కకు వెళ్లి, చల్లబడ్డాకే బిడ్డతో మాట్లాడండి. తాగుడుకు చికిత్స ఉంది, సిగ్గుపడకుండా రండి. బిడ్డ చెప్పేది నమ్మండి. పొరుగింటి బిడ్డ ఆపదలో ఉంటే "మనకెందుకులే" అనుకోవద్దు. 1098కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

చిన్నబిడ్డలను దగ్గరకు తీసుకున్న ప్రభువును ఆరాధించే మనం, పరువు కోసం వారి బాధను దాచవద్దు.