తెర మీద ఉంటుంది, కాగితం మీద ఉండదు

ప్రాజెక్ట్ రిపోర్ట్ లేటెక్‌లో చేసినవాళ్లందరూ ఆ ఎర్ర డబ్బాలు చూసే ఉంటారు. హైపర్‌రెఫ్ ప్యాకేజీ పెట్టగానే విషయసూచికలో ప్రతి లింకు చుట్టూ ఎర్ర గీతల పెట్టె, రిఫరెన్స్ నంబర్ల చుట్టూ ఆకుపచ్చ పెట్టె. బైండింగ్ కాపీలో కూడా ఇవి వస్తాయేమోనని చివరి రోజు ఒకటే కంగారు. మామూలుగా అయితే రావు. ఎందుకంటే ఆ పెట్టె పేజీలో రాసిన రాత కాదు, పేజీ మీద అతికించిన యానొటేషన్. "నన్ను ప్రింట్ చెయ్యి" అని చెప్పే బిట్ ఒకటి ప్రతి యానొటేషన్‌కూ ఉంటుంది. లింకుల విషయంలో హైపర్‌రెఫ్ దాన్ని సెట్ చెయ్యదు, అంతే.

అంటే తెర వేరు, కాగితం వేరు అన్న సంగతి పీడీఎఫ్‌కి ముందే తెలుసు. మరి మామూలు అక్షరాలకి కూడా ఈ తేడా చూపించగలమా?

మన క్లబ్బు వాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. పద్యం పైన, ప్రతిపదార్థం కింద ఉన్న నోట్స్ అనుకోండి. ఫోన్‌లో చదివేటప్పుడు అర్థాలు కనబడాలి. ప్రింట్ తీస్తే పద్యం మాత్రమే రావాలి, అర్థం మనమే పెన్నుతో రాసుకోవాలి. ఒకే ఫైలుతో రెండు పనులూ అయిపోతాయి.

దీనికి దారి లేయర్లు. 2003లో వచ్చిన పీడీఎఫ్ 1.5 నుంచి ఈ సదుపాయం ఉంది. దాని అసలు పేరు ఆప్షనల్ కంటెంట్ గ్రూప్, పొట్టిగా ఓసీజీ. ప్రతి లేయర్‌కీ తెర మీద చూపాలా, ప్రింట్‌లో చూపాలా అని విడివిడిగా చెప్పొచ్చు. లేటెక్‌లో ఇది చేసేది ఓసీజీఎక్స్2 ప్యాకేజీ. అందులో ఓసీజీ అనే ఎన్విరాన్‌మెంట్ ఉంటుంది. స్క్వేర్ బ్రాకెట్లో 'ప్రింట్‌ఓసీజీ ఈక్వల్ టు నెవర్' అని రాయాలి. తర్వాత మూడు కర్లీ బ్రాకెట్లు: లేయర్ పేరు, దాని ఐడీ, తెరవగానే ఆన్‌లో ఉండాలా ఆఫ్‌లో ఉండాలా అన్నది. మధ్యలో ప్రతిపదార్థం పెట్టి ఎన్విరాన్‌మెంట్ మూసేస్తే సరి. తెలుగు కాబట్టి కంపైల్ చెయ్యడానికి జీలేటెక్ వాడదాం. మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్ ఏదైనా నడుస్తుంది. ఓసీజీఎక్స్2 జీలేటెక్‌తో కూడా పనిచేస్తుంది.

ఒక సంగతి ముందే తెలియాలి. ప్రింట్‌లో అక్షరాలు పోతాయి గానీ వాటి చోటు పోదు. పేజీలో ఏది ఎక్కడ అన్నది కంపైల్ అయినప్పుడే ఖాయమైపోయింది. ప్రింటర్ దగ్గర పేరాలు పైకి జరగవు. పేజీలు తగ్గి డబ్బులు మిగులుతాయనుకుంటే మిగలవు. మన నోట్స్‌కి మాత్రం ఈ ఖాళీయే కావాలి, రాసుకోడానికి.

ఖాళీ వద్దనుకుంటే ఒకే చోట రెండు లేయర్లు పెట్టాలి, ఒకటి తెరకి, ఒకటి కాగితానికి. ఇదే ప్యాకేజీలోని 'ఓసీజీకలర్‌లింక్స్' చేసేది అదే: తెర మీద రంగు లింకు, ప్రింట్‌లో అదే మాట నల్లగా. బ్లాక్ అండ్ వైట్ ప్రింట్‌లో లింకులు వెలిసిపోయి బూడిదరంగులో వచ్చే బాధ తప్పుతుంది. నన్నడిగితే ప్యాకేజీ మొత్తంలో రోజూ పనికొచ్చేది ఇదే.

ఇక అసలు చిక్కు. ఈ "ప్రింట్ చెయ్యొద్దు" అన్నది పీడీఎఫ్ చూపించే సాఫ్ట్‌వేర్‌కి మనం చేసే విన్నపం మాత్రమే. అడోబీ రీడర్ వింటుంది. అన్నీ వినవు. ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద ఉన్న కాలేజీల వాళ్లం చాలామందిమి బస్సు మారేది ఆరాంఘర్ చౌరస్తాలో, కాబట్టి ప్రింట్లూ అక్కడే. జిరాక్స్ షాపులో ఏం జరుగుతుంది? ఫైలు వాట్సాప్‌లో పంపుతాం, ఆయన చేతికి ఏది దొరికితే దాంట్లో తెరిచి ప్రింట్ కొట్టేస్తాడు. వెనకాల పదిమంది లైన్‌లో ఉంటే లేయర్ల గురించి చెప్పే టైమ్ ఎక్కడిది? యాభై కాపీలు చెప్పే ముందు ఒక్క పేజీ తీయించి చూడండి.

ఇంకోటి, ఇది దాచడం కాదు. ప్రింట్‌లో రాని మాట ఫైల్లో భద్రంగా ఉంటుంది. లేయర్ల ప్యానెల్‌లో దొరుకుతుంది, కాపీ చేస్తే బయటికొస్తుంది. 2019 జనవరిలో అమెరికాలో పాల్ మానఫోర్ట్ లాయర్లు కోర్టుకిచ్చిన పీడీఎఫ్‌లో రహస్య వాక్యాల మీద నల్ల పట్టీలు వేశారు. విలేకరులు ఆ పట్టీల కింది రాతను కాపీ పేస్ట్ చేసి చదివేశారు. అక్కడ వాడింది లేయర్లు కాదు గానీ జరిగిన పొరపాటు ఈ కోవదే. తెలుగు పీడీఎఫ్ కాపీ చేస్తే ఒక్కోసారి ఒత్తులూ గుణింతాలూ చెదిరిపోతాయి కదా అని ధీమా పడొద్దు, ఓపికున్నవాడు చదివేస్తాడు.

అందుకే క్విజ్ జవాబులు, మార్కులు, ఫోన్ నంబర్లు ఈ పద్ధతిలో పెట్టకండి. వాటికి రెండు ఫైళ్లు చెయ్యడమే మేలు. లేటెక్‌లో 'న్యూఇఫ్'తో ఒక స్విచ్ పెట్టి, ట్రూ అంటే జవాబులతో, ఫాల్స్ అంటే జవాబులు లేకుండా కంపైల్ చేసుకోవచ్చు. రెండో ఫైల్లో ఆ అక్షరాలే ఉండవు, ఏ సాఫ్ట్‌వేర్‌లో తెరిచినా సరే. షాపు నంబర్‌కి పంపాల్సింది ఆ ఫైలే.