తొడుగు కాంపొనెంట్లు

దిండు మాయకుండా గలేబు తొడుగుతాము. అందుకు దిండును విప్పి కుట్టనక్కరలేదు. ఆ కొలతగల ఏ దిండుకైనా ఆ గలేబు సరిపోతుంది. వెబ్ పేజీలు వ్రాసే ప్రోగ్రామర్లు ఇటువంటి ఉపాయమునే కొంతకాలము విరివిగా వాడినారు.

రియాక్ట్ అనునది వెబ్ పేజీల నిర్మాణమునకు ఫేస్‌బుక్ సంస్థ 2013లో విడుదల చేసిన సాధనము. దీనిలో పేజీని కాంపొనెంట్లు అనే చిన్న భాగములుగా వ్రాస్తారు. ఒక పాఠశాల పేజీలో మార్కుల పట్టిక ఒక కాంపొనెంటు, హాజరు పట్టిక మరొకటి, గ్రంథాలయపు జాబితా ఇంకొకటి అనుకొందాము. మూడింటి రూపములు వేరు. కాని మూడూ దూరపు కంప్యూటరు నుండి సమాచారము తెచ్చుకోవాలి. అది వచ్చేదాకా "ఆగండి" అని చూపాలి. రాకపోతే ఆ సంగతి చెప్పాలి. దీనిని మూడుచోట్ల వ్రాస్తే, ఒకచోట దిద్దిన తప్పు తక్కిన రెండుచోట్ల మిగిలిపోతుంది.

మొదట ఇటువంటి ఉమ్మడి పనిని మిక్సిన్ అనే పద్ధతిలో కాంపొనెంటు లోపలనే కలిపేవారు. పేర్లు ఢీకొనేవి, ఏ పని ఎక్కడనుండి వచ్చినదో తెలిసేది కాదు. 2015 మార్చిలో వచ్చిన రియాక్ట్ 0.13లో, క్లాసులుగా వ్రాసిన కాంపొనెంట్లకు మిక్సిన్ల సౌకర్యమే లేదు. అప్పుడు తొడుగు ముందుకు వచ్చినది.

గణితము చదివినవారికి ఇది క్రొత్త కాదు. సైన్ ప్రమేయమును అవకలనము చేస్తే కొసైన్ ప్రమేయము వస్తుంది. అనగా ప్రమేయమును ఇస్తే ప్రమేయమే వచ్చినది. తొడుగు కూడా ఒక కాంపొనెంటును పుచ్చుకొని మరొక కాంపొనెంటును ఇచ్చే ఫంక్షను. దీనికి హయ్యర్ ఆర్డర్ కాంపొనెంట్ అని పేరు. క్రొత్త కాంపొనెంటు సమాచారము తెచ్చి లోపలిదానికి అందిస్తుంది. అది ఎట్లు వచ్చినదో లోపలిదానికి తెలియనక్కరలేదు.

ఇక్కడ ఒక పొరపాటుకు తావున్నది. అది చిన్నది కాదు. పై కాంపొనెంటు తన్ను తాను గీసుకొనేటప్పుడు, ఆ లోపలనే తొడుగు వేస్తే, గీసిన ప్రతిసారీ ఒక క్రొత్త కాంపొనెంటు పుడుతుంది. చూపునకు రెండూ ఒకటే అయినా, రియాక్ట్ వాటిని వేరుగా ఎంచి, పాతదానిని తొలగించి క్రొత్తదానిని మొదటినుండి కడుతుంది. ఉపాధ్యాయుడు నలభైమంది మార్కులు నింపుతూ ఉండగా ఇట్లు జరిగితే, ఇంకా భద్రపరచని అంకెలన్నీ పోతాయి. కాబట్టి తొడుగును వెలుపల, ఒక్కసారే వేయాలి.

తొడుగుమీద తొడుగు వేస్తే మరొక చిక్కు. రెండు తొడుగులు ఒకే పేరుతో విలువలు పంపితే ఒకటి రెండవదానిని చడీచప్పుడు లేకుండా కప్పివేస్తుంది. 2019 ఫిబ్రవరిలో రియాక్ట్ 16.8తో వచ్చిన హుక్స్ ఈ చిక్కును చాలవరకు తీర్చినవి. ఇప్పుడు కాంపొనెంటే తనకు కావలసిన పనిని ఫంక్షనుగా పిలుచుకొని, వచ్చిన విలువకు తనకు నచ్చిన పేరు పెట్టుకొంటుంది. అయినా తొడుగు పూర్తిగా పోలేదు. అందిన విలువలు మారనప్పుడు మళ్ళీ గీసే శ్రమను తప్పించే మెమో అనే సౌకర్యము రియాక్ట్‌లోనే ఉన్నది, అదీ తొడుగే.