పేదల సేవలపై పర్యవేక్షణ ఎవరిది? అమెరికా కౌంటీ సలహా మండలి – ఒక పరిశీలన

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములోని సంఘటనను మనము సాధారణముగా ఒకే కోణములో బోధిస్తాము. వాక్యపరిచర్య కొందరికి, ఆహారపు బల్లల యొద్ద పరిచర్య మరికొందరికి అని పని పంచుకున్న సందర్భముగా దానిని చూపిస్తాము. అయితే ఆ భాగములో ఇంకొక ప్రశ్న కూడ ఉన్నది. అనుదిన పరిచర్యలో గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాండ్రు నిర్లక్ష్యమునకు గురయ్యారు. సంఘము పంపిణీని ఆపలేదు, పెంచినట్లు కూడ లూకా వ్రాయలేదు. పంపిణీని చూచుకొనే మనుష్యులను నియమించింది. ఏర్పరచబడిన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. పేరును బట్టి మాత్రమే మనిషి పుట్టుకను నిర్ణయించలేము (గలిలయవాడైన అంద్రెయ పేరు కూడ గ్రీకు పేరే), కాని ఫిర్యాదు చేసిన పక్షము వారికే పర్యవేక్షణ అప్పగించబడినదని అనేక వ్యాఖ్యాతలు గ్రహించారు.

పేదల కొరకు వచ్చిన సొమ్మును ఎవరు చూడాలి? ఆ చూచేవారిలో పేదల పక్షమువారు ఉండాలా? ఉంటే వారిని ఎవరు ఎన్నుకోవాలి? ఈ ప్రశ్నలను ఒక లౌకిక ప్రభుత్వము తన చట్టములో ఎలా వ్రాసుకున్నదో ఈ వ్యాసములో పరిశీలిస్తాము. అమెరికా దేశపు కౌంటీ సలహా మండలిని ఉదాహరణగా తీసుకొనుటకు కారణము ఉన్నది. అక్కడి తెలుగు సంఘములలో పరిచర్య చేయుచున్న సేవకులకు ఈ మండలులు ఇంటి ప్రక్కనే ఉన్నవి. పైగా ఈ చట్టములో మత సంస్థలకు పేరుపెట్టి ఇచ్చిన స్థానము ఒకటి ఉన్నది. దానిని గూర్చి మన వేదాంత విద్యార్థులకు చెప్పేవారు తక్కువ.

కౌంటీ అంటే సుమారుగా మన జిల్లా వంటిదే. దేశమంతటా 3 వేలకు పైగా కౌంటీలు ఉన్నవి. అయితే మన జిల్లాకు కలెక్టరు ఉన్నట్లుగా పైనుండి నియమింపబడిన అధికారి అక్కడ పాలించడు. ప్రజలు ఎన్నుకొన్న ఒక పాలక మండలి ఉంటుంది, దాని క్రింద ఉద్యోగులు ఉంటారు. వర్జీనియా రాష్ట్రములో వాషింగ్టన్ నగరమునకు పొరుగున ఉన్న ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీని చూడండి. 2020 జనాభా లెక్కల ప్రకారము అక్కడ సుమారు 11 లక్షల 50 వేల మంది ఉన్నారు. దాని పాలక మండలిలో 10 మంది సభ్యులు. కౌంటీ అంతా కలిసి ఎన్నుకొనే అధ్యక్షుడు ఒకరు, విభాగములవారీగా ఎన్నికైన వారు 9 మంది. అమెరికాలో అత్యధిక ఆదాయము గల కౌంటీలలో అది ఒకటి. అటువంటి చోట పేదవాడు కంటికి కనబడడు. అద్దెలు మాత్రము ధనవంతుల లెక్కలోనే ఉంటాయి. ఆ కౌంటీలో కమ్యూనిటీ యాక్షన్ అడ్వయిజరీ బోర్డు అనే సలహా మండలి పనిచేయుచున్నది. అల్పాదాయముగల వారి అవసరములను పాలక మండలికి తెలియజేయుట, కేంద్ర ప్రభుత్వము నుండి వచ్చే ఒక ప్రత్యేక నిధి వినియోగమును చూచుట దాని పని.

ఆ నిధి చరిత్ర తెలియకపోతే మండలి స్వభావము అర్థము కాదు. 1964 జనవరిలో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పేదరికముపై యుద్ధము ప్రకటించారు. అదే సంవత్సరము ఆగస్టులో ఆర్థిక అవకాశముల చట్టము వచ్చింది. సార్జంట్ శ్రైవర్ దాని అమలుకు నాయకత్వము వహించారు. పేదల కొరకు చేసే కార్యక్రమములలో పేదలే వీలైనంత అధికముగా పాలుపొందవలెనని ఆ చట్టము కోరింది. ఈ ఒక్క మాట పెద్ద గొడవకు దారితీసింది. షికాగో మేయరు రిచర్డ్ డేలీ వంటి నగర నాయకులకు, తమ చేతిలో లేని సొమ్ము తమ నగరములో ఖర్చగుట రుచించలేదు. మరొక ప్రక్క, పేదల ప్రతినిధుల కొరకు జరిపిన ఎన్నికలకు పేదలే రాలేదు. 1965లో ఫిలడెల్ఫియాలో అర్హులైన వారిలో 3 శాతము లోపు, 1966లో లాస్ ఏంజలెస్‌లో 1 శాతము లోపు మాత్రమే ఓటు వేశారు. దీనిని బట్టి పేదలకు ఆసక్తి లేదని అనుట సులభమే. తమ ఓటు వలన ఏదైన మారునని అంతకుముందు ఎన్నడూ చూడనివారు మొదటి పిలుపుకే వరుసలు కట్టలేదని చెప్పుట న్యాయమని మేము తలస్తున్నాము.

1967లో కాంగ్రెసు సభ రెండు సవరణలు చేసింది. ఓరెగాన్ రాష్ట్ర ప్రతినిధి ఈడిత్ గ్రీన్ పేరున వచ్చిన సవరణ, స్థానిక ప్రభుత్వములు కోరుకుంటే ఈ కార్యక్రమములను తమ చేతిలోనికి తీసుకొనుటకు వీలు కల్పించింది. వాస్తవముగా అలా తీసుకొన్నవి చాలా తక్కువ. రెండవ సవరణ మండలిని మూడు భాగములు చేసింది. 1981లో అధ్యక్షుడు రీగన్ కాలములో పాత వ్యవస్థను రద్దుచేసి, కమ్యూనిటీ సర్వీసెస్ బ్లాక్ గ్రాంట్ అనే పేరుతో సొమ్మును రాష్ట్రముల ద్వారా పంపే పద్ధతి పెట్టారు. 1998లో ఆ చట్టమును తిరిగి వ్రాసినప్పుడు కూడ మూడు భాగముల మండలి నిలిచియున్నది. వచ్చిన సొమ్ములో కనీసము 90 శాతమును రాష్ట్రము స్థానిక సంస్థలకు పంపవలెను. దేశములో ఇటువంటి సంస్థలు సుమారు వెయ్యి. ఎక్కువ భాగము లాభాపేక్ష లేని ప్రైవేటు సంస్థలు, కొన్ని కౌంటీలకు లేక నగరములకు చెందిన ప్రభుత్వ శాఖలు.

మూడు భాగములు ఏవనగా: ప్రైవేటు సంస్థ విషయములో సభ్యులలో మూడవ వంతు ప్రజలు ఎన్నుకొన్న అధికారులు లేక వారి ప్రతినిధులు. మూడవ వంతుకు తగ్గకుండా అల్పాదాయ కుటుంబములకు ప్రతినిధులు. మిగిలినవారు వ్యాపార, కార్మిక, మత, పోలీసు, విద్యా రంగముల నుండి వచ్చేవారు. కౌంటీ వంటి ప్రభుత్వ సంస్థ అయితే చట్టము ముఖ్యముగా పట్టుబట్టేది రెండవ భాగము విషయములోనే. లేదా, రాష్ట్రము నిర్ణయించిన మరియొక విధానము ద్వారా అల్పాదాయముగలవారు నిర్ణయములలో పాలుపొందుటకు వీలుండవలెను.

ఇక్కడ కొంచెము ఆగవలెను. అల్పాదాయ కుటుంబముల ప్రతినిధి తప్పనిసరిగా పేదవాడై ఉండవలెనని ఈ చట్టము చెప్పదు. పేదలు అతనిని ప్రజాస్వామ్య పద్ధతిలో ఎన్నుకొని ఉండవలెనని చెబుతుంది. ఒక ప్రత్యేక పేటకు ప్రతినిధి అయితే ఆ పేటలో నివసించవలెను. కాబట్టి పేదల విషయము బాగుగా తెలిసిన ఒక పెద్దమనిషిని అధికారులే పిలిచి కూర్చుండబెట్టుట చెల్లదు. అతడు ఎంత దయగలవాడైనా అతని వెనుక ఎవరి ఓటూ లేదు. మరి ఎన్నిక ఎలా జరుగుతుంది? పేటలో సభ పెట్టి ఓటు వేయించవచ్చు, సేవలు అందించే కేంద్రములలోనే ఓటు పత్రములు ఉంచవచ్చు. ప్రభుత్వ గృహములలో అద్దెకుండువారి సంఘము తన ప్రతినిధిని పంపవచ్చు. 1965లో మొదలైన హెడ్ స్టార్ట్ అనే చిన్నపిల్లల కార్యక్రమములో తల్లిదండ్రులే అధిక సంఖ్యలో ఉండే విధాన సభ ఒకటి ఉంటుంది. అది తనలో ఒకరిని పంపవచ్చు.

మండలి చేసే పనిలో మొదటిది అవసరముల అంచనా. ప్రతి స్థానిక సంస్థ 3 సంవత్సరములకు ఒకసారి తన ప్రాంతములో పేదరికము ఎక్కడ, ఎవరిలో, ఏ కారణముచేత ఉన్నదో పరిశీలించి నివేదిక తయారుచేయవలెను. అంకెలు మాత్రమే చాలవు, అల్పాదాయముగల వారినే అడిగి వారి మాటలు కూడ చేర్చవలెను. ఆ నివేదికను మండలి ఆమోదిస్తుంది. దాని మీదనే ప్రణాళిక కట్టబడుతుంది. అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చినవారికి అత్యవసర సహాయమా, ఉద్యోగ శిక్షణయా, పిల్లల సంరక్షణయా, ముసలివారికి వాహన సౌకర్యమా అని ముందు వెనుకలు నిర్ణయించేది అప్పుడే. ఆ తరువాత ప్రతి సాధారణ సమావేశములోను కార్యక్రమముల నివేదికలు, జమాఖర్చుల నివేదికలు సభ్యుల ముందుకు రావలెను. 2015లో కేంద్ర శాఖ ప్రకటించిన ప్రమాణములు ఈ విషయములను స్పష్టముగా చెప్పినవి: ప్రైవేటు సంస్థలకు 58, ప్రభుత్వ సంస్థలకు 50. క్రొత్తగా చేరిన సభ్యునికి 6 నెలలలోగా పరిచయ శిక్షణ ఇవ్వవలెనన్నది వాటిలో ఒకటి. జమాఖర్చుల పట్టికను చదువుట రాని ప్రతినిధి సంవత్సరమంతా తల ఊపుతూ కూర్చుండే ప్రమాదము ఉన్నది గనుక ఇది చిన్న నియమము కాదు.

అయితే సలహా మండలికీ పాలక మండలికీ భేదము ఉన్నది. ప్రైవేటు సంస్థలో మూడు భాగముల మండలియే యజమాని. డైరెక్టరును నియమించేది, బడ్జెటుపై ఆఖరి మాట చెప్పేది అదే. కౌంటీలో అలా కాదు. ఉద్యోగులు కౌంటీ ఉద్యోగులు, ఖజానా కౌంటీ ఖజానా, చివరి నిర్ణయము ఎన్నికైన పాలకులది. సలహా మండలి సిఫారసు చేస్తుంది. పాలకులు దానిని త్రోసివేయవచ్చు. అలాగైతే పర్యవేక్షణ అనే మాటకు అర్థమేమి అని విద్యార్థులు అడుగవచ్చు. వర్జీనియా రాష్ట్ర చట్టములో దీనికి కొంత సమాధానము దొరుకుతుంది. ప్రజా సహాయ శాఖను ఒక అధికారి నడిపే చోట్ల వేరొక సలహా మండలి ఉండవలెనని ఆ చట్టము చెబుతుంది. ఆ మండలి సంవత్సరమునకు కనీసము 4 సార్లు ఆ అధికారితో కలిసి కూర్చుండి సిఫారసులు చేయవలెను. శాఖ తన బడ్జెటును పాలకుల ముందు పెట్టే సమయములోనే మండలి తన వార్షిక నివేదికను కూడ నేరుగా వారికి ఇవ్వవలెను. ఈ ఏర్పాటులోని వివేకమును గమనించండి. శాఖ చెప్పే లెక్క, శాఖను చూచినవారు చెప్పే మాట ఒకే బల్లమీదికి ఒకే సమయమున వస్తాయి. అధికారి మధ్యలో నిలిచి నివేదికను ఆపుటకు వీలులేదు.

మండలి చేతిలో లేనివి కూడ చెప్పవలెను. వైద్య సహాయము, ఆహార సహాయము వంటి పెద్ద కార్యక్రమములకు అర్హతలను కేంద్ర, రాష్ట్ర చట్టములే నిర్ణయిస్తాయి. కౌంటీ సలహా మండలి వాటిని మార్చలేదు. బ్లాక్ గ్రాంట్ సొమ్ము వాటితో పోలిస్తే స్వల్పము, 2023 ఆర్థిక సంవత్సరములో దేశమంతటికి సుమారు 77 కోట్ల డాలర్లు. దాని అర్హత రేఖ కూడ పైనుండి వచ్చేదే. సాధారణ చట్టము ప్రకారము కేంద్రము ప్రకటించే పేదరిక రేఖ వరకు, రాష్ట్రము కోరుకుంటే దానికి 125 శాతము వరకు. 2024లో నలుగురున్న కుటుంబమునకు ఆ రేఖ సంవత్సరమునకు 31,200 డాలర్లు. కరోనా కాలములో 2020 నాటి చట్టము ఈ పరిమితిని తాత్కాలికముగా 200 శాతము వరకు పెంచింది. ఫెయిర్‌ఫ్యాక్స్ వంటి ఖరీదైన చోట కూడ, మిసిసిపీ పల్లెలలో కూడ రేఖ ఒకటే. ఇది న్యాయము కాదని మా అభిప్రాయము. కాని దీనిని మార్చవలసినది కాంగ్రెసు సభ.

ఇక సంఘములకు సంబంధించిన సంగతులు. మొదటిది, మూడవ భాగములో మత రంగము పేరు చట్టములోనే ఉన్నది. కాపరి అక్కడ కూర్చుండవచ్చు. అయితే అతడు పేదల ప్రతినిధిగా లెక్కింపబడడు. పేదల మధ్య పరిచర్య చేస్తున్నాము గనుక వారి పక్షమున మనమే మాట్లాడవచ్చునని తలచే అలవాటు మన వారిలో ఉన్నది. చట్టము ఆ రెండు కుర్చీలను వేరుచేసింది. రెండవది, ఒక పేదవాడు గాని, స్థానిక సంస్థ గాని, మత సంస్థ గాని తమకు మండలిలో తగిన ప్రాతినిధ్యము లేదని తలచితే విన్నపము చేసుకొనే విధానము తప్పక ఉండవలెను. క్రొత్తగా వలస వచ్చినవారి సంఘములకు ఇది తెరచియున్న ద్వారము. ఇంగ్లీషు అంతగా రాని వృద్ధ తల్లిదండ్రులు, పని పోగొట్టుకొన్న కుటుంబములు మన తెలుగు సంఘములలో కూడ ఉన్నారు గదా.

మూడవది, సంఘము ఈ నిధిని పొంది సేవ చేయవచ్చును. తన విశ్వాస స్వభావమును, గోడమీది సిలువను తీసివేయనక్కరలేదు. కాని ఆ సొమ్ములో ఒక్క డాలరైనను ఆరాధనకు, మతబోధకు, మతప్రచారమునకు ఖర్చు చేయరాదు. ఇది సువార్తకు ఆటంకమని కొందరు సహోదరులు అభ్యంతరము చెప్పవచ్చు. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయములో, యెరూషలేము పేదల చందా విషయమై ఎవరూ తప్పు పట్టకుండునట్లు పౌలు తీతుతో వేరొకరిని కూడ పంపిన సంగతి వారికి జ్ఞాపకము చేస్తాము. ఆ తోడు వచ్చినవాడు సంఘముల చేత ఏర్పరచబడినవాడు, పౌలు ఎన్నుకొన్నవాడు కాడు.

మన దేశములో దీనికి దగ్గరి పోలిక, ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుండి ఉపాధి హామీ పనులపై జరిగిన సామాజిక తనిఖీ. మస్తర్ రోల్‌లోని పేర్లను ఊరి సభలో పైకి చదివి, పని చేసినవారినే అడిగేవారు. ఒక భేదము మాత్రము ఉన్నది. సామాజిక తనిఖీ ఖర్చు జరిగిన తరువాత లెక్క అడుగుతుంది. కౌంటీ సలహా మండలి ఖర్చుకు ముందు, ప్రణాళిక కట్టే బల్ల దగ్గరనే పేదల ప్రతినిధిని కూర్చుండబెడుతుంది. మన డయాసిస్‌ల సాంఘిక సేవా కమిటీల నియమావళిని విద్యార్థులు తెప్పించుకొని, సహాయము పొందేవారిలో నుండి ఎన్నికైన సభ్యుడు ఎక్కడైనా ఉన్నాడేమో చూడవచ్చు.