ఊరు తరలినప్పుడు దేవుడు

నంద్యాల జిల్లాలో సప్తనదీ సంగమేశ్వరమను క్షేత్రము కలదు. శ్రీశైలము జలాశయపు పూర్తి నీటిమట్టము 885 అడుగులు. నీరు సుమారు 840 అడుగులకు దిగినప్పుడుగాని అక్కడి సంగమేశ్వరాలయము బయటపడదు. ఏడాదిలో అధికభాగము అది నీటిలోనే యుండును. వేసవిలో నీరు తీసిన పిదప ఒండ్రు తొలగించి, గర్భాలయము కడిగి, వేపకొయ్య లింగమునకు పూజలు మరల ఆరంభింతురు. వానకాలమున వరద వచ్చి గుడి మునుగునప్పుడు అర్చకుడు పడవమీద పోయి శిఖరమునకు హారతి యిచ్చి వచ్చును. 1981 ప్రాంతమున జలాశయము నిండక పూర్వము ఇట్టి పూజావిధానము లేదు. నదితోపాటు పూజాక్రమమును మార్చుకొనినవారు అక్కడి జనులే.

కృష్ణాతీరమున నమ్మకములును, నగరములును ఇట్లు మారుట క్రొత్త సంగతి కాదు. క్రీ.శ. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకు రాజులు నాగార్జునకొండ లోయలో విజయపురి యను రాజధానిని నిర్మించిరి. మొదటి రాజగు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధము చేసిన వైదిక మతానుయాయి. ఆయన సోదరి శాంతిశ్రీ బౌద్ధుల మహాచైత్యమునకు శిలాస్తంభములు ఎత్తించెను. ఒకే యింట రెండు మతములు! నదియొడ్డున దేవాలయములు, లోయలో విహారములు వెలసినవి. సింహళమునుండి వచ్చిన భిక్షువులకు ప్రత్యేకముగా ఒక విహారముండెను. బోధిశ్రీ యను ఉపాసిక చేసిన దానములను అక్కడి శాసనము నేటికిని చెప్పుచున్నది. ఇంత వైభవము నూరేండ్లకంటె మిక్కిలిగా సాగలేదు. రాజ్యము పోయినది, వర్తకులు తరలిరి, విహారములు మన్నులో కలిసినవి.

1926లో ఆ శిథిలములు పండితుల కంటబడినవి. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. లోయ మునుగుట నిశ్చయమైనందున 1954 మొదలు 1960 వరకు పురావస్తుశాఖవారు ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యమున విరివిగా త్రవ్వకములు సాగించిరి. కొన్ని కట్టడములను కొండపైకిని, కొన్నింటిని ఒడ్డుననున్న అనుపునకును తరలించి తిరిగి నిలిపిరి. నేడు ఆ కొండ నీటి నడుమ దీవియై, ప్రదర్శనశాలతో యాత్రికులను ఆకర్షించుచున్నది. 1967లో కాలువలకు నీరు వదలిరి. మెట్టభూములు మాగాణి అయినవి. ఆ నీటి మేలు తెలియని రైతు ఆ ప్రాంతమున లేడు.

శ్రీశైలము జలాశయము కొరకును ఇదే విధముగ జరిగినది. తుంగభద్ర కృష్ణతో కలియుచోటనుండిన కూడవెల్లి సంగమేశ్వరాలయమును, చాళుక్యుల కాలపు కట్టడమును, రాయిరాయిగా విప్పి అలంపురమున తిరిగి కట్టిరి. అలంపురములోని నవబ్రహ్మాలయములకు నీరు తగులకుండ కరకట్ట వేసిరి. ఆ యూరి జోగులాంబ సంగతి యింకను విచిత్రము. ఆమె గుడి 14వ శతాబ్దిలో ధ్వంసమైనది. విగ్రహము బాలబ్రహ్మేశ్వరాలయములో శతాబ్దములకొలది ఉండినది. 2005లో గాని ఆమెకు క్రొత్త ఆలయము కాలేదు. అయినను ఆ మధ్యకాలమంతయు భక్తులు ఆమెను మరువలేదు.

ఇక రాతిగుడి లేని దేవతల మాట. శ్రీశైలము జలాశయములో నూరింటికి పైగా ఊళ్లు మునిగినవి. చాళుక్యుల గుడికి కొలతలు తీయుటకు నిపుణులు వత్తురు. వేపచెట్టు క్రింద పసుపు పూసిన రాయికి ఎవరు కొలతలు తీయుదురు? బొడ్రాయి, పోచమ్మ, పోలేరమ్మ, ఊరి పీర్ల చావడి, చిన్న ప్రార్థనామందిరము, పెద్దల సమాధులు — ఇవి ఏ జాబితాకు నెక్కవు. నిజమునకు ఊరును ఊరుగా నిలుపునవి ఇవియే. రాతిని మోసికొనిపోవుట కష్టము కాదు. జాతర ఏ నెలలో, ఏ వారమున, ఎవరి యింటినుండి మొదటి బోనము వచ్చును, డప్పు ఎవరిది, పొలిమేర ఎక్కడ — ఈ కట్టుబాటును మోయుటయే కష్టము. ఒక ఊరివారు నాలుగు పునరావాస కాలనీలకు చెదరినచో ఆ కట్టుబాటు తెగును.

గోదావరి లోయలో పోలవరము క్రింద ఈ ప్రశ్న నేటికిని సజీవముగా నున్నది. కొండరెడ్లు మామిడి కొత్తల పండుగ చేసికొననిదే క్రొత్త మామిడికాయ ముట్టరు. కోయలు విత్తుటకు ముందు భూమి పండుగ జరుపుదురు. అడవి దూరమైన మైదానపు కాలనీలో మామిడితోపు ఏది? చెట్టు లేనిచో పండుగకు తేదీ యుండును గాని అర్థముండదు.

పంచాయతీ సభ్యులు గుర్తెరుగవలసిన ఒక విషయము కలదు. 2014 జనవరి 1 నుండి అమలులోనున్న భూసేకరణ, పునరావాస చట్టము మూడవ షెడ్యూలులో క్రొత్త ఊరికి ఏమేమి యుండవలెనో వ్రాసియున్నది. రోడ్లు, మంచినీరు, బడి మాత్రమే కాదు. ప్రతి 50 కుటుంబములకు ఆరాధనాస్థలము, జనులు కూడుటకు రచ్చబండ ఉండవలెను. ప్రతి 100 కుటుంబములకు ఒక సామాజిక భవనము. శ్మశానభూమి ఆయా కులముల, సమాజముల ఆచారములనుబట్టి ఏర్పరుపవలెను. అడవిపై ఆధారపడు కుటుంబములకు వీలైనచోట కలపేతర అటవీ ఫలసాయముపై హక్కులు కల్పింపవలెను. పశువులకు మేతబీడు సైతము అందులో కలదు. పునరావాస పథకపు ముసాయిదాను సంబంధిత గ్రామసభలలో చర్చింపవలెననియు చట్టమే చెప్పుచున్నది. షెడ్యూలు ప్రాంతములలో 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టము ప్రకారము గ్రామసభకు తన ఆచార సంప్రదాయములను కాపాడుకొను అధికారము గలదు. రాష్ట్రములు భూసేకరణ చట్టమునకు తరువాత చేసిన సవరణలను మాత్రము వేరుగా చూచుకొనవలెను.

అయితే గ్రామసభలో పరిహారపు లెక్కయే పొద్దంతయు నడచును. అది సహజము, భూమి పోవువానికి ముందు భూమియే కనబడును. రచ్చబండ మాట ఎవరైన ఎత్తినచో ఇది యిప్పుడా అని నవ్వువారు కలరు. క్రొత్త ఇండ్లలో తొలిసారి జాతర వచ్చినప్పుడు ఆ నవ్వినవారే గుడికి చోటేదియని తిరుగుదురు. అప్పటికి ఇండ్లజాగాలు పంచుట ముగిసి, పటములో ఖాళీ మిగులదు.

ముసాయిదా రాకముందే సర్పంచు ఒక పుస్తకము తెరపించి, ఊరిలోని ముసలివారిని కూర్చుండబెట్టి వ్రాయించినచో ఎంత ఖర్చగును? దేవతల పేర్లు, పండుగ దినములు, ఏ వీధివారికి ఏ పని, ఏ సమాధి ఎవరిది — అన్నియు. దళితవాడ, ముస్లిము ఇండ్లు, వలసపోయినవారు ఎవరును విడిచిపోరాదు. ముఖ్యముగా ఆ పుస్తకములో ఆడపడుచుల పేర్లు, అత్తవారి ఊళ్లు ఉండవలెను. క్రొత్త ఊరిలో బొడ్రాయి నిలుపునాడు పెండ్లి చేసి పంపిన ఆడపడుచులందరిని పిలుచుట వాడుక. చెదరిన ఊరిలో ఆ పిలుపు పంపుటకు వారి చిరునామాలు ఆ పుస్తకమునందే దొరకును.