మచ్చపడ్డ ఊపిరితిత్తులు.. దగ్గు పెరిగితే?

సార్కాయిడోసిస్‌కు ఏళ్లుగా మందులు వాడుతున్నారా? దగ్గు, ఆయాసం పెరగగానే పాత చీటీ తీసి స్టెరాయిడ్ మాత్రలు మీరే పెంచుకుంటున్నారా? కాస్త ఆగండి. ఊపిరితిత్తుల్లో మచ్చ బాగా పడిన దశలో దగ్గు పెరిగిన ప్రతిసారీ జబ్బు తిరగబెట్టిందని అనుకోవటానికి లేదు. దెబ్బతిన్న శ్వాసనాళాల్లో ఇన్‌ఫెక్షన్ తలెత్తి ఉండొచ్చు. ఈ రెండింటికీ చికిత్స వేరు.

సార్కాయిడోసిస్‌లో రోగనిరోధక కణాలు గుమిగూడి చిన్న చిన్న బుడిపెలుగా ఏర్పడతాయి. ఎక్కువగా ఊపిరితిత్తుల్లో, ఛాతీలోని లింఫ్ గ్రంథుల్లో వస్తాయి. ఎక్స్‌రేలో క్షయలా కనిపించొచ్చు గానీ ఇది అంటుకునే జబ్బు కాదు. చాలామందిలో దానంతటదే గానీ మందులతో గానీ తగ్గుతుంది. 100 మందిలో సుమారు 10-20 మందిలో మాత్రం మచ్చ మిగిలి, ఊపిరితిత్తులు గట్టిపడతాయి.

నాళాలకు ఏమవుతుంది?

కాలిన గాయం మానాక మచ్చ చుట్టుపక్కల చర్మాన్ని లాగేస్తుంది కదా. ఊపిరితిత్తుల్లోనూ అంతే. మచ్చ ఎక్కువగా పైభాగంలో పడి, అక్కడి శ్వాసనాళాలను గుంజేస్తుంది. కొన్ని నాళాలు వంకరపోయి ఇరుకవుతాయి. దీంతో ఆయాసం, పిల్లికూతలు వస్తాయి. వీటిని ఆస్థమా అని పొరబడేవారూ ఉన్నారు. మరికొన్ని నాళాలు సాగి వెడల్పవుతాయి. ఇవి కళ్లెను పైకి నెట్టలేవు. నీరు నిలిచిన గుంటలో దోమలు చేరినట్టు, నిలిచిన కళ్లెలో బ్యాక్టీరియా పెరుగుతుంది. కొందరికి ఊపిరితిత్తుల్లో గుల్లలు ఏర్పడి, వాటిలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఉండలా పెరగొచ్చు. అప్పుడు దగ్గితే రక్తం పడే ముప్పుంది.

స్టెరాయిడ్లు వాపును తగ్గిస్తాయి. పాత మచ్చను పోగొట్టలేవు. ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు సొంతంగా మోతాదు పెంచితే అది ముదరొచ్చు. అలాగని ఉన్నట్టుండి మానెయ్యటమూ ప్రమాదమే.

ఇవి గుర్తుంచుకోండి

* కళ్లె ఎక్కువైనా, రంగు మారినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించండి. మందు మార్చే ముందు కళ్లె పరీక్ష అవసరమేమో అడగండి. క్షయ ఉందో లేదో కూడా ఇందులో చూస్తారు.

* నాళాలు ఎంత ఇరుకయ్యాయో స్పైరోమెట్రీతో, ఎక్కడ సాగాయో సీటీ స్కాన్‌తో తెలుస్తుంది.

* కళ్లెను బయటకు తెప్పించే శ్వాస వ్యాయామాలను ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని రోజూ చేయండి. కొందరికి ఇన్‌హేలర్లూ మేలు చేస్తాయి.

* ఫ్లూ టీకా ఏటా తీసుకోండి. న్యుమోనియా టీకా గురించి డాక్టరును అడగండి.

* ఇంట్లో ఎవరూ సిగరెట్, బీడీ కాల్చొద్దు. అగరుబత్తులు, దోమల చుట్టల పొగకూ దూరంగా ఉండండి.

* దగ్గితే కాస్త రక్తం పడినా ఆలస్యం చేయొద్దు. ఎక్కువగా పడితే వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. రక్తనాళాన్ని మూసి రక్తస్రావం ఆపే పద్ధతులున్నాయి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేలు, సీటీ ఫిల్ములు, మందుల చీటీలన్నీ వెంట తీసుకెళ్లండి. పాత మచ్చ ఏదో, కొత్తగా వచ్చిన మార్పు ఏదో పోల్చి చూస్తేనే తెలుస్తుంది. పెంచాల్సింది స్టెరాయిడ్ మోతాదా, ఇవ్వాల్సింది యాంటీబయాటిక్కా అన్న నిర్ణయం చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది.